తాడు వదిలేసినానన్నాడు

ఇరవై ఆరేళ్లుగా నా పని అంకెలు చదవడం. పోర్టుకు వచ్చిన ఓడలోంచి ఎంత బొగ్గు దిగిందో, ఎంత ఖనిజం ఎక్కిందో తెలియాలంటే ఓడను కాటా మీద పెట్టలేరు. అది నీళ్లలో ఎంత మునిగిందో చూసి లెక్క కడతారు. ఓడకు ముందు, మధ్య, వెనక, రెండు వైపులా తెల్లరంగుతో అంకెలు వేసి ఉంటాయి. చిన్న బోటులో ఓడ చుట్టూ తిరిగి నీళ్లు ఏ అంకె దగ్గరున్నాయో రాసుకోవాలి. నీళ్లు ఒకచోట నిలవవు. ఒక అల పైకి తెస్తుంది, తరవాతి అల కిందికి దించుతుంది. పై అంకె ఒకటి, కింది అంకె ఒకటి, అలా పదిసార్లు రాసి సగటు తీస్తే అసలు మట్టం దొరుకుతుంది. నేను సర్వేయర్ని కాను, ఆయన కింద సహాయకుణ్ణి. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. మిగిలిన లెక్కలన్నీ పని మీద నేర్చుకున్నవే.

మొదటి ఏడేళ్లు ఆ బోటు నడిపిన మనిషి భీమిలి దారిలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెవాడు. తరతరాలుగా వేట చేసుకునే కుటుంబం. అప్పట్లో సొంత పడవ లేక నెల జీతానికి మా బోటు నడిపేవాడు. ఔటర్ హార్బరులో అల ఊగుతున్నప్పుడు కూడా ఓడ పక్కన బోటును కదలకుండా నిలబెట్టేవాడు. నేను కళ్లజోడు తుడుచుకునే లోపలే అంకెలు చెప్పేసేవాడు.

"పైన పన్నెండు నలబై, కింద పన్నెండు పది. రాసుకో బావ."

"ఉండు, నన్ను చూడనీ."

"నువ్వు సూసేలోపల ఓడ ఎల్లిపోద్ది. ఆ అద్దాలు నాకిచ్చెయ్యి, దాంతో పాటు నీ జీతం కూడా."

నేను చూసి రాసిన అంకెకీ అతను చెప్పిన అంకెకీ ఎప్పుడూ పెద్ద తేడా ఉండేది కాదు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. మాకు ఈ ఊళ్లో చుట్టాలు తక్కువ. బావ అని నోరారా పిలిచిన మనిషి నాకు అతనొక్కడే. తరవాత అతను ఫైబర్ పడవ ఒకటి కొనుక్కుని మా బోటు మానేశాడు. స్నేహం మానలేదు. నెలకోసారైనా నేను వాళ్ల ఒడ్డుకి వెళ్లేవాణ్ణి. వాళ్లావిడ నన్ను అన్నయ్యా అనేది. చేపకి ఎప్పుడూ డబ్బు తీసుకోలేదు.

షేర్ల లెక్కలోకి నేను నలభై దాటాక దిగాను. మొదటి రెండేళ్లు నష్టమే. కొన్నది పడితే రేపు లేస్తుందిలే అని కూర్చునేవాణ్ణి, లేస్తే భయపడి వెంటనే అమ్మేసేవాణ్ణి. తప్పెక్కడుందో చెప్పేవాళ్లు లేక నేనే వెతుక్కున్నాను. ద్వారకా నగర్‌లో కొన్న పాత పుస్తకాలు, ఫోన్‌లో వీడియోలు, ఒక పొడుగు నోటుబుక్కు. కొన్నాళ్లకి ఒక పద్ధతి కుదిరింది. షేరు రోజుకి ఎంత ఊగుతోందో ముందు చూడాలి. ఆ రోజు గరిష్ఠ ధరలోంచి కనిష్ఠ ధర తీసేస్తే వచ్చేది ఆ రోజు ఊపు. నిన్న ముగిసిన చోటు నుంచి గెంతి మొదలైతే ఆ గెంతు కూడా కలుపుకోవాలి. పద్నాలుగు రోజుల ఊపుల సగటును మూడు రెట్లు చేసి, కొన్నాక షేరు ముగిసిన ధరలన్నిటిలోకీ పెద్దదాంట్లోంచి తీసెయ్యాలి. వచ్చిన అంకె దగ్గర ఒక గీత. దాన్నే స్టాప్ అంటారు, ఆ ధరకి అమ్మమని ముందే ఆర్డరు పెట్టి ఉంచుతారు. ధర ఆ గీతను తాకితే అమ్మేసి బయటికి రావాలి, ఇంకేమీ ఆలోచించకూడదు. షేరు పైకి పోతే గీత వెనకాలే పైకి వస్తుంది. రోజువారీ ఊపుకి గీత తగలదు, నిజంగా పడుతున్నప్పుడే తగులుతుంది.

నాకు అది కొత్త విద్యలా అనిపించలేదు. పై అంకె, కింది అంకె, సగటు. ఓడ పక్కన చేసేదే ఇంటి బల్ల మీద చేస్తున్నాను. ఆ పద్ధతి పట్టాక నేను పెద్దగా సంపాదించింది లేదు, కాని పెద్దగా పోగొట్టుకున్నదీ లేదు. నాకు అది చాలు.

వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పడవలన్నీ ఒడ్డుకెక్కిస్తారు. కిందటేడాది ఆ నెలల ముందే అతను తన పాత పడవ అమ్మేశాడు. ఇంజను అరిగిపోయింది, పడవ అడుగున అతుకుల మీద అతుకులు. కొంచెం పెద్దది, కొత్త ఇంజనుతో, నిషేధం ఎత్తేసేనాటికి ఇవ్వమని పడవలు పోతపోసే అతనితో మాట్లాడుకున్నాడు. పడవ తీసుకునేరోజు కట్టాల్సింది ఐదు లక్షల యాభై వేలు. పాత పడవ డబ్బూ, ఇన్నేళ్లు దాచుకున్నదీ కలిపి అతని దగ్గరున్నది నాలుగు లక్షల తొంభై ఆరు వేలు.

"యాబై నాలుగు వేలు తక్కువ బావ," అన్నాడు. తాటాకు పాకలో కూర్చుని వల కుడుతున్నాడు. "దానికోసం షావుకారుకాడ సెయ్యి సాపితే పట్టిన సేప ఆడిదే, ఆడు సెప్పిందే రేటు. పడవ నా పేరునుంటాది, సేప మట్టుకు ఆడిది."

"బ్యాంకుకి వెళ్లావా?"

"ఎల్లాను. బ్యాంకోడికి నా పడవ కనపళ్ళేదు, నా లుంగీ కనపడింది."

కాసేపు వల కుట్టి మళ్లీ అన్నాడు. "ఈ రెండు నెలలూ ఆ డబ్బు ఊరికే పడుంటాది. నీ పుస్తకంలో ఉన్నదేటో నాకూ నేర్పియ్యి."

"అది పడవ డబ్బు. వద్దు."

"పడవ డబ్బు కాబట్టే అడుగుతన్నాను. తాగడానికయితే నిన్నెందుకడుగుతాను?"

వారం రోజులు వద్దనే అన్నాను. సగం పెట్టమన్నాను. సగంతో యాభై నాలుగు వేలు రావని అతను వేళ్ల మీద లెక్కేసి చూపించాడు. అతని లెక్క సరిగ్గానే ఉంది. చివరికి ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, అతను అడుగుతున్నందుకు కాదు, నా పద్ధతి మీద నాకున్న నమ్మకానికి ఒప్పుకున్నాను. నా కంటే బాగా అంకె పట్టగల మనిషికి నేర్పడంలో ఒక సరదా కూడా ఉంది.

అతని మొదటి సందేహం గీత ఎందుకంత దూరంగా పెట్టాలని.

"దగ్గరగా ఎడితే పోయేది తక్కువే కదా?"

"లంగరు వేసినప్పుడు తాడు బిగబట్టి కడతావా?" అన్నాను.

"కడితే అలకి తాడైనా తెగుద్ది, లంగరైనా పీక్కొచ్చేత్తాది."

"మరేం చేస్తావు?"

"అల సూసి తాడు వదుల్తాను. సిన్న అలయితే తక్కువ, పెద్దదయితే ఎక్కువ."

"ఇదీ అంతే. ఊపుని బట్టి తాడు."

వల సూది ఆపి నావైపు చూశాడు. "ఇదేనా? ఇంతదానికా బావ నువ్వు రెండేళ్లు డబ్బులు తగలేసుకున్నావు?"

వాళ్లావిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పోలిక నాకు తోచినందుకు ఇంటికొచ్చేదాకా సంతోషంగా ఉంది. మర్నాడు అతనికోసం ఒక నోటుబుక్కు కొని నాలుగు గళ్లు గీశాను. తేదీ, ముగింపు, ఊపు, లంగరు. స్టాప్ అని రాయాల్సిన గడి పైన లంగరు అని రాశాను. అతనికి దగ్గరగా ఉంటుందని.

గీత పైకే జరుగుతుంది, కిందికి రాకూడదు అని మొదటిరోజు ఒకసారి చెప్పాను. అతను ఊ అన్నాడు. నోటుబుక్కులో ఆ మాట రాయలేదు. నా నోటుబుక్కులోనూ ఎక్కడా లేదు. నాకు రాసుకోవలసిన అవసరం రాలేదు.

ఒక చిన్న కంపెనీ షేరు, మూడువందల పది రూపాయల దగ్గర, పదహారు వందలు కొన్నాడు. ఉన్న డబ్బంతా సరిపోయింది. నాలుగు వారాలు అది మెట్లెక్కినట్టు ఎక్కింది. రోజూ మూడున్నరకి మార్కెట్ ముగిసిన వెంటనే ఫోన్.

"బావ, ముగింపు మూడొందల డెబ్బయి రెండు. ఊపు ఎనిమిది. తాడు ఇరవై నాలుగు. లంగరు మూడొందల నలబై ఎనిమిది. కరెస్టేనా?"

"కరెక్టే."

వెనకనుంచి వాళ్లావిడ గొంతు వినపడింది. "అన్నియ్యా, ఇంట్లో బియ్యం ఎన్నున్నాయో అడుగు, సెప్పలేడు. ఇయ్యి మట్టుకు గుక్క తిప్పుకోడు."

ఆరోజే అడిగాడు, తీసేద్దామా అని. "సాలు కదా బావ. మనకి కావాల్సింది వచ్చేసింది."

వచ్చేసింది. ఆ ధరకి అమ్మితే తొంభై తొమ్మిది వేల లాభం. పడవ డబ్బు కట్టి వలలు కూడా కొనుక్కోవచ్చు. నేను ఆ లెక్క వెంటనే చేశాను. ఇంకొక లెక్క కూడా చేశాను. అతనికి పడవ రావాలంటే షేరు మూడువందల నలభై నాలుగు దగ్గర అమ్ముడైతే చాలు. గీత అప్పటికే మూడువందల నలభై ఎనిమిది మీద ఉంది.

"తొందరపడకు," అన్నాను. "లంగరు నీకు కావాల్సిన ధర కన్నా నాలుగు రూపాయలు పైనే ఉంది. ఇక్కణ్ణుంచి ఏం జరిగినా నీ పడవ భద్రం. ఎక్కినంత ఎక్కనీ. అమ్మాల్సింది మనం కాదు, ఆ గీత."

"నువ్వు సెప్తే సరే," అన్నాడు.

ఆ వాక్యంలో తప్పు లేదని ఇప్పటికీ లెక్క కట్టి నిరూపించగలను. నిరూపించి ఎవరికి చూపించాలో తెలియదు.

రెండు రోజుల తరవాత మమ్మల్ని కాకినాడ పంపించారు. అక్కడ ఓడలు ఒడ్డుకి రావు, దూరంగా సముద్రంలోనే లంగరేసి ఉంటాయి. పడవల మీద వెళ్లి రావాలి. ఒకదాని తరవాత ఒకటి బియ్యం ఓడలు, రెండు వారాలు పని. ఓడ దగ్గర ఫోన్ అందేది కాదు, ఒడ్డుకొచ్చాక అందేది. అదే వారం మార్కెట్ అంతా అల్లకల్లోలమైంది. పొద్దున పది రూపాయలు ఎగిరిన షేరు మధ్యాహ్నానికి పాతిక పడేది. నాలుగోరోజు ఒడ్డుకొచ్చి చూస్తే అతని షేరు మూడువందల నలభై అయిదు దాకా దిగి, నలభై ఏడు దగ్గర ముగిసింది. గీత దాటింది. అంటే అమ్ముడైపోయి ఉండాలి. వెంటనే ఫోన్ చేశాను.

"బావ, పోటుగా ఉంది," అన్నాడు.

"చూశాను. ఏం చేశావు?"

"తాడు వదిలేసినాను."

"వదిలేశావా?"

"ఆ. వదిలేసినాను. నువ్వు సెప్పిందే కదా."

"మంచి పని చేశావు బావా," అన్నాను. "చాలా మంచి పని చేశావు."

వదిలేశానంటే వదిలించుకున్నాడని, ఆ షేరు పీడ పోయిందని, డబ్బు చేతికొచ్చిందని అనుకున్నాను. పడవ మీద తాడు వదలడమంటే ఇంకొంత పొడుగివ్వడమని నాకు తెలుసు. ఏడేళ్లు అతని బోటులో ఆ మాట రోజూ విన్నవాణ్ణే. ఆ సాయంత్రం మాత్రం నా చెవికి అది ఇంట్లో వాడే మాటలా వినపడింది. అలవాటు కొద్దీ ఎంతకి అని అడిగి ఉంటే, అతను మూడువందల ముప్పై మూడు అని ఉండేవాడు. అప్పుడు నాకు అర్థమయ్యేది. ఎంతకి అని అడగని రోజు నా జీవితంలో బహుశా అదొక్కటే. సంతోషంలో అంకె అడగడం మర్చిపోయాను. పక్కనున్న మా సర్వేయరుతో, మా బావకి పడవ వచ్చేసిందండీ అని కూడా చెప్పాను.

ఆ తరవాత నేను ఆ షేరు చూడలేదు. మన డబ్బు లేని షేరు మీద చూపు వృథా అని నా నియమం.

తిరిగి వచ్చిన మర్నాడు ఒక స్వీటు పొట్లం కొనుక్కుని వాళ్ల పల్లెకి వెళ్లాను. నిషేధం ఎత్తేసి మూడు రోజులైంది. ఒడ్డున పడవలు చాలావరకు నీళ్లలోకి వెళ్లిపోయాయి. అతను ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వాళ్లావిడ నన్ను చూసి రమ్మనలేదు, లోపలికి వెళ్లిపోయింది.

"పడవేది?" అన్నాను.

"ఏరే వాళ్లకిచ్చేసినారు బావ. నిన్న."

ముందు నాకు అర్థం కాలేదు. అతనే నెమ్మదిగా చెప్పాడు. నేను ఫోన్ చేశాక నాలుగు రోజులకి ఆ కంపెనీ గురించి ఏదో చెడ్డ వార్త వచ్చింది. పొద్దున్న షేరు మొదలవడమే మూడువందల పదహారు నుంచి రెండువందల ఎనభై నాలుగుకి పడి మొదలైంది. అతను అప్పటికి మూడువందల పన్నెండు దగ్గర అమ్మమని, మూడువందల పదికి తగ్గొద్దని ఆర్డరు పెట్టి ఉన్నాడు. ధర ఆ రెండింటినీ దాటి దూకేసింది, ఆర్డరు అలాగే ఉండిపోయింది. రోజుకి పది శాతం కన్నా పడనివ్వరు గనక ప్రతిరోజూ పది శాతం పడి ఆగిపోయేది. అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లు లేరు. ఐదు రోజులు అలా జరిగి, ఆరోరోజు నూట డెబ్బై ఎనిమిది దగ్గర అమ్ముడైంది.

"ఫోనెందుకు చెయ్యలేదు?"

"నువ్వు ఓడ మీద ఉన్నావు. తెలిసినా ఏటి సేత్తావు? కొనేవోడే లేడు కదా."

పదహారు వందల్ని నూట డెబ్బై ఎనిమిదితో హెచ్చవేస్తే రెండు లక్షల ఎనభై నాలుగు వేల ఎనిమిది వందలు. నా బుర్ర అప్పటికే ఆ పని చేసేసింది.

నోటుబుక్కు తెమ్మన్నాను. తెచ్చిచ్చాడు. లంగరు గడిలో పై నుంచి కిందికి చదివాను. మూడువందల నలభై ఎనిమిది. నలభై రెండు. ముప్పై మూడు. ఇరవై నాలుగు. పన్నెండు. ఊపు గడిలో ఎనిమిది, పది, పదమూడు, పదహారు, ఇరవై. ప్రతి గుణకారం సరిగ్గా ఉంది. ఒక్క తీసివేత తప్పలేదు. అంకెలు గుండ్రంగా, ఓపికగా రాసి ఉన్నాయి.

"ఇది కిందికి దించావేంటి?" అన్నాను.

"అల పెరిగింది కదా."

"పెరిగితే?"

"పెద్ద అలకి ఎక్కువ తాడన్నావు కదా. వదిలాను. నీకు సెప్పాను కూడా. మంచి పని సేసావన్నావు."

"గీత కిందికి దించకూడదని మొదటిరోజే చెప్పాను బావా. లంగరు జరపకూడదు."

"లంగరు జరపలేదు బావ," అన్నాడు. "తాడే వదిలాను."

అతను చెప్పింది సముద్రం మీద నిజం. నేను చెప్పింది కాగితం మీద నిజం. ఆ రెండింటినీ ఒకే గడిలో పెట్టినవాణ్ణి నేను. ఆ మాట అప్పుడు అని ఉంటే బాగుండేది. తప్పు నాది, నా పోలికది అని చెప్పి ఉంటే సరిపోయేది. నేను పెన్ను తీశాను. నలభై ఎనిమిది అంకె చుట్టూ సున్నా చుట్టాను. నేను ఫోన్ చేసిన తేదీ చూపించి, ఆ రోజు ఆ ధర దగ్గర కొనేవాళ్లు బోలెడుమంది ఉన్నారని, ఈ ఒక్క అంకె ముట్టుకోకుండా ఉంటే ఆర్డరు తనంతట తనే అమ్మేసేదని చెప్పాను. పదహారు వందల్ని మూడువందల నలభై ఎనిమిదితో హెచ్చవేసి పక్కన రాశాను. ఐదు లక్షల యాభై ఆరు వేల ఎనిమిది వందలు. లెక్క సగంలో ఆపడం నాకు చేతకాదు.

అతను ఆ అంకెను చాలాసేపు చూశాడు.

"అంటే పడవ నాకుండేదా?"

"ఉండేది," అన్నాను.

నోటుబుక్కు మూసి అరుగు మీద పెట్టాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అప్పటిదాకా అతను పోటుకి పడవ పోగొట్టుకున్న మనిషి. అలాంటిది వాళ్ల ఒడ్డున ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకసారి జరిగిందే. దాన్ని ఎలా మొయ్యాలో వాళ్లకి తెలుసు. నేను ఆ ఒక్క మాటతో, నీ పడవ నీ చేత్తో నువ్వే పోగొట్టుకున్నావని చెప్పాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది.

"అతను అడిగాడు, ఉన్నమాట చెప్పాను," అన్నాను.

"అతను లెక్క అడిగాడనుకున్నారా?"

"మరేం అడిగాడు?"

ఆమె ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "‘ఏమో బావా, చెప్పలేం’ అంటే మీకేం పోయేది?" అంది.

నాలుగురోజుల తరవాత నా దగ్గరున్న రెండు లక్షలు తీసుకుని వెళ్లాను. వేరే పడవ చూద్దాం, పాతదైనా పర్లేదు, తప్పు నాది కూడా అన్నాను. అప్పటికి ఆ మాట చెప్పడం వచ్చింది నాకు. అతను కవరు ముట్టుకోలేదు. వాళ్లావిడ బయటికి వచ్చి నిలబడింది.

"అన్నియ్యా, తీసుకెల్లిపోండి," అంది. "మీరొచ్చి ఎల్లిన కాణ్ణుంచీ ఆ పుస్తకం ముందేసుకుని కూకుంటన్నాడు. అన్నం తింటం లేదు. అందులో ఏటుందో నాకు తెలీదు. తగలెట్టేద్దారంటే తగలెట్టనివ్వడు."

శ్రావణంలో అతను గుజరాత్ బయల్దేరాడు. ఈ తీరం నుంచి ఏటా ఎంతోమంది అక్కడి పెద్ద బోట్ల మీద కూలికి వెళ్తారు. ముందుగా కొంత చేతికిస్తారు, పది నెలలు అక్కడే ఉండాలి. నలభై ఎనిమిదేళ్ల వయసులో, సొంత పడవకి సరంగుగా ఉన్న మనిషి, ఎవరి బోటులోనో వల లాగడానికి వెళ్తున్నాడు. స్టేషనుకి వెళ్లాను. ప్లాట్‌ఫాం మీద సంచులు, దుప్పటి మూటలు, అతనితో వెళ్లే మనుషులు. వాళ్లలో ఒకతను నన్ను చూపించి ఎవరని అడిగాడు.

"ఓడల ఆఫీసులో సారు," అన్నాడు అతను. "పాత పరిచయం."

తరవాత నావైపు తిరిగి, "బండి లేటంటన్నారు. మీరెల్లండి," అన్నాడు.

కోపంగా అనలేదు. మర్యాదగా అన్నాడు. పాతికేళ్లలో అతను నన్ను మీరు అనడం అదే మొదలు. బండి వచ్చేదాకా ఉన్నాను. కిటికీ దగ్గర చోటు దొరికిందో లేదో కనపడలేదు.

అక్కడ వేట ఆపే నెలలు వేరు. ఇక్కడ పడవలు మళ్లీ నీళ్లలోకి దిగేవేళకి అక్కడివి ఒడ్డుకెక్కుతాయి. కనక అతను ఇంటికి వచ్చేసరికి ఇక్కడ వేట జోరుగా సాగుతూ ఉంటుంది. ఈ ఏడు వచ్చాడని తెలిసి పదిరోజులు ఆగి వెళ్లాను. ఒడ్డున ఇసకలో కూర్చుని వచ్చే పడవల్ని చూస్తున్నాడు. చిక్కిపోయాడు. కుడిచేతి రెండు వేళ్లు వంగడం లేదు, తాడుకీ చక్రానికీ మధ్య పడి నలిగాయట. పక్కన కూర్చున్నాను. అక్కడి తిండి, చలి, బోటు యజమాని గురించి అడిగితే చెప్పాడు. అడగనిది చెప్పలేదు. రెండేళ్లు పనిచేస్తే షావుకారు అక్కర్లేకుండా సెకండ్‌హ్యాండ్ పడవ చూసుకోవచ్చన్నాడు. రెండేళ్లకి ఎంత మిగులుతుందో లెక్క చెప్పలేదు, నేనూ అడగలేదు.

కాసేపటికి సముద్రం వైపే చూస్తూ అన్నాడు. "అది ఇప్పుడెంతుంది?"

ఏది అని అడగనక్కర్లేదు. డబ్బు లేని షేరును చూడకూడదన్న నా నియమం పోయిన ఏడాదే పోయింది. రోజూ చూస్తున్నాను. ముందురోజు ముగింపు మూడువందల తొంభై ఒకటి.

"తెలీదు," అన్నాను. "ఇప్పుడు చూడ్డం లేదు."

అతను తల తిప్పి నన్ను చూశాడు. ఓడ పక్కన అంకె చదివేటప్పుడు చూసినట్టే, రెప్ప వెయ్యకుండా.

"మీరు సూడకుండా ఉండరు," అన్నాడు.

ఇంతలో ఒక పడవ ఒడ్డుకి వచ్చింది. దాన్ని ఇసక మీదికి లాగడానికి మనుషులు చాల్లేదు, అతన్ని కేకేశారు. లుంగీ ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. లాగినవాళ్లకి తలా కొన్ని చేపలిస్తారు, వాటికోసం. నేనూ చెప్పులు విడిచి వెళ్లి, అతని వెనకాల పడవ అంచు పట్టుకున్నాను.

అతను భుజం మీదుగా చూశాడు.

"వద్దండి," అన్నాడు. "మీ బట్టలు తడిసిపోతాయి."

చేతులు తీసేశాను. పడవ వాళ్లే లాగారు.